మెట్ట శనగ దిగుబడి: కొన్ని అపోహలు - వాస్తవాలు

అపోహ: ఏపుగా పెరిగిన మొక్కే ఎక్కువ కాస్తుంది.

వాస్తవం: కొత్త శనగ రకాలను రూపొందించే మా ప్రయోగ క్షేత్రానికి వచ్చే రైతుల్లో చాలామంది నేరుగా గుబురుగా ఉన్న వరుస దగ్గరికే వెళ్లి నిలబడతారు. నల్లరేగడిలో వానాధార శనగ తాగేది చాలావరకు నేల ముందే దాచుకున్న తేమనే. గింజ నిండే వేళకు ఆ నిల్వ అడుగంటుతుంది. తొలి రోజుల్లోనే ఆకు విపరీతంగా పెట్టిన మొక్క తేమను అప్పుడే తాగేస్తుంది. అలాంటి మొక్కను పీకి పైకొమ్మ కాయను వేళ్ల మధ్య నొక్కండి. బుడగలా అణిగిపోతుంది, లోపల గింజ ఉండదు. అందుకే మొక్క మొత్తం బరువులో గింజల వాటా ఎంతో చూడనిదే నేను ఏ వరుసనూ ఎంచుకోను.

అపోహ: వేరు లోతుగా దిగితే చాలు, బెట్టను తట్టుకుంటుంది.

వాస్తవం: ఇది సగం నిజం. బలమైన వేర్లున్న ఐసీసీ 4958 అనే శనగ రకం నుంచి బెట్టను తట్టుకునే జన్యు భాగాన్ని జేజీ 11 అనే మరో రకంలోకి చేర్చారు. అదే భాగాన్ని పూసా 372 రకంలోకి చేర్చగా పూసా 10216 అనే కొత్త రకం వచ్చింది. అయితే పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పరిశీలించిన బెట్టను తట్టుకునే రకాలు మరో దారి చూపాయి. నేలలో తేమ ఉన్నప్పుడే ఆకుల నుంచి నీటిని పొదుపుగా వదులుతూ, గింజ దశకు కొంత మిగుల్చుకున్నాయి. లోతు తక్కువైన నేలలో వేరు ఎంత పొడవైనా దిగడానికి చోటేదీ?

అపోహ: విరగ కాసిన మొక్కను ఏరి విత్తితే కొత్త రకం సిద్ధం.

వాస్తవం: గట్టు పక్కన పోటీ లేని మొక్క కూడా విరగ కాస్తుంది. అది నేల ఇచ్చిన వరం, జన్యువులు ఇచ్చింది కాదు. నూరు గింజల బరువు, పూతకు పట్టే రోజులు తరం మారినా చాలావరకు నిలుస్తాయి. మొక్కకు కాయల సంఖ్య దిగుబడిని బాగా నడిపిస్తుంది కానీ వాతావరణానికి ఇట్టే లొంగుతుంది. పైగా గింజ లావెక్కితే కాయలు తగ్గడం మామూలే. ఒక్క చోట, ఒక్క ఏడాది చూసి నిర్ణయించడం నాకు నచ్చదు.

అపోహ: మొక్కజొన్నలా శనగకూ హైబ్రిడ్ విత్తనం కొనాలి.

వాస్తవం: శనగలో మొగ్గ విచ్చకముందే పరాగ సంపర్కం జరిగిపోతుంది. సంకరం చేయాలంటే పట్టకారుతో మొగ్గ తెరిచి పుప్పొడినిచ్చే పది కేసరాలనూ తీసేయాలి. ఈలోగా ఆకుల పులుపు వేళ్లకు అంటుకుంటుంది. ఇంత చేసినా నిలిచిన కాయలో ఒకటో రెండో గింజలు. ఈ పద్ధతిలో పొలాలకు సరిపడా హైబ్రిడ్ విత్తనం తయారు కాదు. మంచి రకం శుద్ధమైన విత్తనాన్ని రైతు దాచుకుంటే మరుసటి రబీలో అదే రకం మొలుస్తుంది.