హైస్మన్, ఎడ్ల పందెం, బోయిసీ పిల్లలు

బుజ్జితల్లీ, చిన్నోడా,

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ 2024లో మీ బోయిసీ స్టేట్ ఆటగాడు ఆష్టన్ జెంటీకి రాలేదని చిన్నోడు ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదని మీ అమ్మ చెప్పింది. సీజన్ అయిపోయాక నాకు పెట్టిన మెసేజ్‌లో కూడా ఆ కోపం తగ్గలేదు. "తాతయ్యా, బంతి పట్టుకుని 2,601 యార్డులు పరిగెత్తినవాడికి కాకపోతే ఇంకెవడికిస్తారు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. మీ నాన్న మైక్రాన్‌లో ఉద్యోగమని బోయిసీ వెళ్ళినప్పుడు ఆ ఊళ్ళో ఏముందర్రా అనుకున్నాను గానీ, ఇప్పుడు మీరు నాకే ఫుట్‌బాల్ నేర్పేలా ఉన్నారు.

మా ఊళ్ళో తిరునాళ్ళకు ఎడ్ల పందేలు జరిగేవి. పెద్ద రాతిబండ, దానికో గొలుసు, కాడికి రెండు ఒంగోలు గిత్తలు. విజిల్ ఊదాక ఇచ్చిన టైములో ఏ జత ఎన్ని అడుగులు లాగితే అంత. టేపు రెండో కొస పట్టుకుని బండ వెనకాల దుమ్ములో పరిగెత్తే పని కోసం కుర్రాళ్ళం కొట్టుకునేవాళ్ళం. నాకు దొరికిన ఏడాది మా నాన్న అరుగు మీద నుంచి చూసి నవ్వాడు, అది ఆయన ఇచ్చిన ప్రైజు. సరే, చెప్పొచ్చేదేమిటంటే, అన్ని జతలూ లాగేది అదే బండ. అందుకే అడుగులు కొలిస్తే చాలు, ఎవరూ నోరెత్తరు.

కాలేజీ ఫుట్‌బాల్‌లో ఎవరి బండ వాళ్ళదే. అసలు గొడవంతా ఇక్కడే ఉంది.

2024లో పెద్ద డివిజన్‌లోనే 134 టీములు, ఒక్కోదానికి మామూలు సీజన్‌లో 12 ఆటలు. అందరూ అందరితో ఆడటం కుదరదు కాబట్టి సగానికి పైగా ఆటలు కాన్ఫరెన్స్, అంటే తాము చేరిన కాలేజీల జట్టుకట్టు, చెప్పినట్టు ఆడతారు, మిగతావి కాలేజీలు ఏళ్ళ ముందే ఒప్పందాలు రాసుకుని పెట్టుకుంటాయి. పెద్ద కాలేజీలు చిన్న కాలేజీలకు డబ్బిచ్చి మరీ తమ స్టేడియానికి పిలిపించుకుంటాయి, అంటే తేలికబండను కొనుక్కుంటాయన్నమాట. ఒక్కోసారి ఆ బండే కాలి మీద పడుతుంది. 2007 సెప్టెంబర్ 1న 5వ ర్యాంకులో ఉన్న మిషిగన్ 4 లక్షల డాలర్లిచ్చి అపలాచియన్ స్టేట్‌ను పిలిచింది, చివరి ఫీల్డ్ గోల్ కిక్‌ను వాళ్ళు అడ్డుకుని 34-32తో గెలిచి, చెక్కు కూడా పట్టుకుని ఇంటికెళ్ళారు. మిషిగన్ మా పాత ప్రత్యర్థి, అది ఓడిందంటే మా ఒహాయో స్టేట్ అభిమానులకు సంక్రాంతే కదా, ఇప్పటికీ ఆ కథ ఎవరైనా ఎత్తితే నేను కుర్చీ దగ్గరికి లాక్కుంటాను.

ఎస్ఈసీ అనే దక్షిణాది కాన్ఫరెన్స్ టీముల మీద నా ఫిర్యాదు కూడా ఇదే. 2024లో మా ఒహాయో స్టేట్ ఉన్న బిగ్ టెన్ వాళ్ళు కాన్ఫరెన్స్‌లో 9 ఆటలాడుతుంటే వీళ్ళు 8తో సరిపెట్టుకుని, నవంబర్లో అసలు పోటీలు మొదలయ్యే ముందు ఒక చిన్న టీమును తెచ్చి ఒళ్ళు విరుచుకున్నారు. బిగ్ టెన్‌లోనే ఉన్న ఇండియానా ఆ ఏడాది మామూలు సీజన్‌లో 11 గెలిచి ఒక్కటే ఓడింది. ఆ ఒక్కటీ మా ఒహాయో స్టేట్ చేతిలో, 38-15. వీళ్ళు లాగింది తేలికబండేనని అందరూ అన్నారు, ప్లేఆఫ్‌లో నోటర్ డేమ్ మీద 27-17తో ఓడిపోయేసరికి అన్నవాళ్ళు ఇంకా రెచ్చిపోయారు. నాకది నచ్చలేదు. బండ తేలికైతే తప్పు గిత్తదా? ఎవరైనా గెలిచారంటే ఎవరి మీద గెలిచారని అడగండి, కానీ అడిగేది వెక్కిరించడానికి కాకూడదు.

ఇక మీ బోయిసీ సంగతి. ఆ ఏడాది ఆడింది చిన్నదైన మౌంటెన్ వెస్ట్ కాన్ఫరెన్స్‌లో కాబట్టి జెంటీ యార్డులన్నీ తేలికబండ మీదవేనని కొందరు కొట్టిపారేశారు. అది తప్పు. సెప్టెంబర్లో ఆరెగాన్‌కు వెళ్ళి ఆడారు, డిసెంబర్ అయిపోయేదాకా ఆ టీమును ఓడించినవాళ్ళు లేరు, అలాంటి టీము మీద జెంటీ 192 యార్డులు, 3 టచ్‌డౌన్లు చేశాడు. చివరి సెకన్లలో కిక్కుతో 37-34తో ఓడిపోయారు గానీ, నా లెక్కలో మీ సీజన్ మొత్తానికి గొప్ప ఆట అదే. అయితే చిన్నోడా, అడుగుల లెక్కే ఆఖరు మాట కాదు. 1988లో బ్యారీ శాండర్స్ రికార్డు 2,628 యార్డులు, అదీ 11 ఆటల్లోనే. అప్పట్లో సీజన్ అయ్యాక ఆడే బౌల్ ఆటను లెక్కలో కలిపేవాళ్ళు కాదు. జెంటీ ఆడినవి 14. టేపు ఒకటే అయినా టైము వేరు.

నాకు ఓటుంటే ఆ ట్రోఫీ గెలిచిన కొలరాడో ఆటగాడు ట్రావిస్ హంటర్‌కే వేసేవాణ్ణి, కోప్పడకు. ఓట్లు కూడా దగ్గరదగ్గరగానే వచ్చాయి, 2,231కి 2,017. కాడికి ఒక పక్క అలవాటైన ఎద్దును రెండో పక్క కడితే అది నడవదు, మెలికలు తిరుగుతుంది, మా ఊళ్ళో ఏ రైతునడిగినా ఇదే చెబుతాడు. హంటర్ రెండు పక్కలా లాగాడు. అటు ఆఫెన్స్‌లో 96 క్యాచ్‌లు, 15 టచ్‌డౌన్లు, మళ్ళీ ఊపిరి తీసుకోకుండా డిఫెన్స్‌లో నిలబడి 4 ఇంటర్‌సెప్షన్లు, అంటే ఎదుటివాళ్ళు విసిరిన బంతిని మధ్యలో పట్టేయడం. ఈ రోజుల్లో అలా ఆడేవాళ్ళేరీ?

నాకు అసలు కోపం వేరేచోట ఉంది. 1935 నుంచి ఇస్తున్న ఈ ట్రోఫీ ఇంతవరకూ ఒక్క ఆఫెన్సివ్ లైన్‌మన్‌కు, అంటే ముందు వరసలో ఎదుటివాళ్ళను అడ్డుకుని బంతి పట్టినవాడికి దారి చేసేవాడికి, రాలేదు. వాళ్ళకు ఔట్‌లాండ్ ట్రోఫీ అని వేరే ఉంది, దాని పేరు ఎంతమందికి తెలుసు? బండ కదిలేది ఎవరి మెడ వల్లో చూడకుండా పగ్గం పట్టుకున్నవాడి మెడలో దండ వేసినట్టుంది నా కళ్ళకి. బంతి అందకముందు జెంటీ నిటారుగా, చేతులు కిందికి వదిలేసి, ఏమీ పట్టనట్టు నిలబడతాడు చూశారా, ముందున్న ఐదుగురు లైన్‌మన్ల మీద నమ్మకం లేకపోతే అలా నిలబడగలడా?

వీళ్ళు ఏం చేస్తారో కాగితం మీద చెప్పడం నా వల్ల కాదు. జెంటీ ప్రొఫెషనల్ లీగైన ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్ళిపోయాడు కాబట్టి సెప్టెంబర్లో మీకు బెంగగానే ఉంటుంది, అయినా ఆ నీలం గడ్డి స్టేడియానికి వెళ్ళండి, మొదటి క్వార్టర్ మొత్తం బంతిని చూడకండి. ఆ ఐదుగురిలో బుజ్జితల్లి మధ్యలో ఉండే సెంటర్‌ను చూడాలి, చిన్నోడు ఎడమ చివరనుండే ట్యాకిల్‌ను. వాళ్ళ చేతులు ఎక్కడ తగులుతున్నాయి, పాదాలు ఎటు కదులుతున్నాయి, పడిపోతే ఎవరు లేపుతున్నారు, అదే చూడండి. స్కోరు నాన్ననడగొచ్చు.

ఉంటాను,
తాతయ్య