ఎనిమిదో రోజు ఏం జరిగింది?

2021 మే నెలలో, కోవిడ్ సోకిన మా బాబాయి రిపోర్టులు రోజూ రాత్రి వాట్సాప్‌లో వచ్చేవి. ఒంట్లో వాపు, రక్తం గడ్డకట్టడం ఎంతుందో చెప్పే సీఆర్‌పీ, డీ డైమర్, ఫెరిటిన్, ఐఎల్-6 అంటూ వరసగా అంకెలు, ఒక్కటీ నార్మల్ లేదు. అంతకు రెండు రోజుల ముందే జ్వరం తగ్గింది, కాస్త అన్నం తిన్నాడు, గండం గడిచిందనుకున్నాం. జబ్బు మొదలైన ఎనిమిదో రోజు పొద్దున వేలికి పెట్టిన ఆక్సీమీటర్ ఆక్సిజన్ 88 చూపించింది. జ్వరం తగ్గాక మనిషికి సీరియస్ అవడమేంటి అని అప్పుడు చాలా ఇళ్లలో అడిగారు. దీని వెనక పెద్ద కథే ఉంది.

మన ఒంట్లో వైరస్ సోకిన కణం చచ్చేలోపు చుట్టుపక్కల కణాలను హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక పేరు ఇంటర్‌ఫెరాన్, 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ దాన్ని కనుక్కున్నారు. కరోనా వైరస్ ఈ హెచ్చరికనే అణచిపెడుతుంది. 2020 సెప్టెంబరులో వచ్చిన ఒక అంతర్జాతీయ పరిశోధనలో, ప్రాణం మీదికి వచ్చిన 987 మందిని పరీక్షిస్తే 101 మందిలో సొంత ఇంటర్‌ఫెరాన్‌నే పనిచేయనివ్వని యాంటీబాడీలు కనిపించాయి. వాళ్లలో 95 మంది మగవాళ్లు. స్వల్ప లక్షణాలతో బయటపడిన 663 మందిలో ఒక్కరికీ లేవు. అంటే ఆ 101 మందికి తొలి కాపలా మొదటి రోజునుంచే లేదన్నమాట.

మొదట్లో అదుపు తప్పితే రెండో దశలో శరీరం ఆలస్యంగా, విపరీతంగా తిరగబడుతుంది. రక్తంలో లింఫోసైట్లు అనే తెల్ల కణాలు పడిపోతాయి, వాపును రేపే సంకేతాలైన సైటోకైన్లు పెరుగుతాయి, ఊపిరితిత్తుల్లోని గాలి గదుల్లోకి నీరు చేరి ఆక్సిజన్ రక్తంలోకి ఎక్కదు. దీన్నే సైటోకైన్ తుపాను అన్నారు. ఆ మాట కోవిడ్‌తో పుట్టలేదు, 1993లోనే ఎముక మజ్జ మార్పిడి సమస్యల గురించి రాస్తూ వాడారు. 2006లో లండన్‌లో ఒక కొత్త మందు మొదటిసారి ఎక్కించుకున్న ఆరుగురు ఆరోగ్యవంతులైన యువకులు గంటల్లోనే ఐసీయూలో పడినప్పుడు ప్రపంచమంతా ఆ మాట విన్నది.

నాకు మాత్రం ఈ తుపాను మాట అంత సరిపోదనిపిస్తుంది. తర్వాత లెక్కలు తీస్తే, తీవ్ర కోవిడ్ రోగుల్లో ఐఎల్-6 అనే సైటోకైన్ పెరిగినా, ఇతర కారణాలతో ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లలో కనిపించేదానికంటే చాలా తక్కువగానే ఉందని తేలింది. ఎంత పెరిగింది అన్నదానికంటే ఎప్పుడు పెరిగింది, ఎక్కడ పెరిగింది అన్నదే అసలు విషయం.

బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు నడిపిన రికవరీ ట్రయల్ 2020 జూన్‌లో తేల్చింది కూడా ఇదే. నిరోధక శక్తి జోరును తగ్గించే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 6 మిల్లీగ్రాములు, పది రోజుల వరకు ఇచ్చి చూశారు. వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలు దాదాపు మూడో వంతు, ఆక్సిజన్ మీదున్నవాళ్లలో అయిదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు ఏ లాభమూ లేదు. వైరస్ ఇంకా పెరుగుతున్న రోజుల్లో స్టెరాయిడ్ ఇస్తే అరకొరగా ఉన్న కాపలాను కూడా మనమే పడుకోబెట్టినట్టు.

మన దగ్గర మాత్రం సెకండ్ వేవ్‌లో ఈ ఫలితంలోని రెండో భాగాన్ని, ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు లాభం లేదన్న మాటను, వదిలేశారు. మొదటి రెండు రోజుల నుంచే స్టెరాయిడ్ మాత్రలు మింగినవాళ్లు ఎందరో. షుగర్ ఉన్నవాళ్లకు అది మరింత పెరిగింది, నిరోధక శక్తి తగ్గింది, ఆ సందులో బ్లాక్ ఫంగస్ పట్టుకుంది. 2021 మే 20న తెలంగాణ ప్రభుత్వం దాన్ని నోటిఫై చేయాల్సిన జబ్బుగా, అంటే ప్రతి కేసునూ ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుగా ప్రకటించింది. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి జనం క్యూ కట్టారు, ఆ ఫంగస్‌కు మందైన యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం బంధువులు ఊరూరా తిరిగారు.

బాబాయి బతికి ఇంటికి వచ్చాడు. మొదట చూపించుకున్న డాక్టరు రాసిన చీటీ పిన్ని దగ్గర ఇంకా ఉంది. రెండో రోజు తారీఖు, పైన ఆక్సిజన్ 97, దాని కిందే స్టెరాయిడ్ మాత్రలు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.