ఇంగ్లండ్‌లో ప్రమాదం, పరిహారం: మనవాళ్ల అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో ప్రమాదాల్లో గాయపడినవాళ్ల తరఫున పరిహారం కేసులు చూడటం నా వృత్తి. తెలుగువాళ్లు నాకు ఫోన్ చేసేసరికే చుట్టుపక్కలవాళ్లు రకరకాలుగా చెప్పి ఉంటారు. లక్షల పౌండ్లు వస్తాయని ఒకరు ఆశ పెడతారు. స్టూడెంట్ వీసా మీద ఉండి కేసులేంటని ఇంకొకరు భయపెడతారు. రెండూ నిజం కాదు. ఇక్కడి టార్ట్ చట్టం ఎవరి తప్పు వల్ల ఎంత నష్టం జరిగిందో చూసి, దాన్ని డబ్బు రూపంలో పూడ్చే ప్రయత్నం చేస్తుంది.

అపోహ: దెబ్బ తగిలితే చాలు, పరిహారం వచ్చేస్తుంది.

వాస్తవం: రాదు. నిర్లక్ష్యం కేసులో మూడు సంగతులు తేలాలి. అవతలివాళ్లకు మీ పట్ల జాగ్రత్తగా ఉండాల్సిన బాధ్యత ఉండాలి, ఆ బాధ్యతలో వాళ్లు తప్పి ఉండాలి, ఆ తప్పు వల్లే మీకు నష్టం జరిగి ఉండాలి. మాంచెస్టర్‌లో ఒకావిడ ఇంటి బయట రోడ్డు మీద నిలబడి ఉంటే పక్క గ్రౌండ్ నుంచి క్రికెట్ బంతి వచ్చి తగిలింది. సుమారు ముప్పై ఏళ్లలో బంతి అలా రోడ్డు మీద పడింది ఆరేడు సార్లే. అంత అరుదుగా జరిగే దానికి క్లబ్బును నిర్లక్ష్యం అనలేమని 1951లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. గాయం నిజమే, అయినా ఆమెకు పరిహారం రాలేదు.

మూడో సంగతి దగ్గర కుటుంబాలు ఎక్కువగా బాధపడతాయి. 1960లలో లండన్‌లో ముగ్గురు నైట్ వాచ్‌మెన్లు టీ తాగాక వాంతులు మొదలై ఆస్పత్రికి వెళ్లారు. డ్యూటీ డాక్టరు వాళ్లను చూడకుండా, ఇంటికెళ్లి సొంత డాక్టర్లను పిలుచుకోమని నర్సుతో చెప్పించాడు. వాళ్లలో ఒకరు చనిపోయారు. టీలో ఆర్సెనిక్ అనే విషం కలిసింది. డాక్టరు నిర్లక్ష్యంగా ఉన్నాడని కోర్టు ఒప్పుకుంది. కానీ వెంటనే చేర్చుకున్నా విరుగుడు అందేలోపే ప్రాణం పోయేదని వైద్య సాక్ష్యం చెప్పడంతో భార్య వేసిన కేసు ఓడిపోయింది. ఆస్పత్రి కేసులతో నా దగ్గరికి వచ్చేవాళ్లకు మొదట చెప్పేది ఇదే: డాక్టరు తప్పు చేశాడని తేలడం సగమే.

అపోహ: ప్రమాదం తర్వాత సారీ చెబితే తప్పు ఒప్పుకున్నట్టే.

వాస్తవం: క్షమాపణ చెప్పినంత మాత్రాన నిర్లక్ష్యం ఒప్పుకున్నట్టు కాదని 2006 కాంపెన్సేషన్ చట్టంలో రాసే ఉంది. కింద పడ్డ మనిషిని పలకరించండి, సారీ చెప్పండి, అంబులెన్స్ పిలవండి. "నేను ఫోన్ చూస్తున్నాను, సిగ్నల్ గమనించలేదు" అంటే మాత్రం అది వేరే సంగతి. జరిగినదాని గురించి మీరే చెప్పిన సాక్ష్యం అవుతుంది.

అపోహ: స్టూడెంట్ వీసా వాళ్లకు క్లెయిమ్ వేసే హక్కు లేదు.

వాస్తవం: ఉంది. ఆ హక్కు పౌరసత్వాన్ని బట్టి రాదు. వీసా అనుమతించని పని చేసి, ఆ జీతం పోయిందని అడిగితేనే చిక్కు వస్తుంది.

అపోహ: గుద్దినవాడు పారిపోతే ఇక చేసేదేమీ లేదు.

వాస్తవం: ఇన్సూరెన్స్ లేని డ్రైవర్లు, ఆచూకీ దొరకని డ్రైవర్ల వల్ల గాయపడినవాళ్లకు మోటర్ ఇన్సూరర్స్ బ్యూరో ద్వారా పరిహారం అడిగే దారి ఉంది. ఈ సంస్థ 1946 నుంచి పనిచేస్తోంది. పోలీసులకు మాత్రం ఆలస్యం చేయకుండా చెప్పాలి.

అపోహ: మన తప్పు కాస్త ఉన్నా మొత్తం పోతుంది.

వాస్తవం: 1945 నుంచి ఆ పద్ధతి లేదు. మీ తప్పు ఎంతో చూసి అంత మేరకు కోత వేస్తారు. సీటు బెల్టు కేసుల్లో లెక్క దాదాపు స్థిరపడింది. బెల్టు పెట్టుకుంటే ఆ గాయమే అయ్యేది కాదంటే 25 శాతం, గాయం బాగా తగ్గేదంటే 15 శాతం కోస్తారు. పెట్టుకున్నా తేడా ఉండేది కాదంటే కోత లేదు.

అపోహ: తప్పు చేసినవాడికి బుద్ధి వచ్చేంత డబ్బు వసూలు చేయొచ్చు.

వాస్తవం: తప్పు జరగకపోయి ఉంటే మీరు ఎక్కడ ఉండేవాళ్లో, డబ్బు చేయగలిగినంత వరకు అక్కడికి చేర్చడమే లక్ష్యం. ఈ సూత్రం 1880 నాటిది. శిక్షగా వేసే పరిహారాన్ని 1964లో రూక్స్ వర్సెస్ బర్నార్డ్ తీర్పు కొన్ని సందర్భాలకే పరిమితం చేసింది. కారు ప్రమాదాల్లో వచ్చే మెడ నొప్పికి 2021 మే 31 నుంచి ప్రభుత్వం పరిహారం మొత్తాల పట్టిక పెట్టింది. మూడు నెలల్లోపు తగ్గే నొప్పికి మొదట్లో 240 పౌండ్లు ఉండేది, 2025లో 275 చేశారు. పోయిన జీతం, వైద్యం ఖర్చు వేరు. ఉన్నదాన్ని పెంచి చెప్పమని సలహా ఇచ్చేవాళ్లకు దూరంగా ఉండండి. ప్రధానమైన విషయంలో అబద్ధం ఆడారని తేలితే, 2015 చట్టం ప్రకారం నిజమైన గాయానికి రావాల్సింది కూడా సాధారణంగా పోతుంది.

అపోహ: కొడుకో కూతురో చనిపోతే ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు ఏమీ రాదు.

వాస్తవం: ఈ అపోహ పోవాలని నాకు అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది. ఇందులో సగం నిజం ఉంది కాబట్టే జనం నమ్ముతారు. 1976 నాటి ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టంలో ఆప్తుల దుఃఖానికి ఇచ్చే నిర్ణీత మొత్తం ఒకటుంది. 2020 మే 1 నుంచి జరిగిన మరణాలకు అది 15,120 పౌండ్లు. పిల్లల విషయంలో పెళ్లికాని, 18 ఏళ్లు నిండని వాళ్ల తల్లిదండ్రులకే అది దక్కుతుంది. మాస్టర్స్ చదవడానికి వచ్చిన 23 ఏళ్ల అబ్బాయి ఒకరి నిర్లక్ష్యం వల్ల చనిపోతే తల్లిదండ్రులకు ఆ మొత్తం రాదు. ఇది అన్యాయమని నా అభిప్రాయం.

అయితే అదే చట్టం కింద ఇంకో క్లెయిమ్ ఉంది. బిడ్డ నుంచి అందుతున్న, లేదా అందుతుందని సహేతుకంగా ఆశించిన ఆర్థిక సాయం పోయినందుకు తల్లిదండ్రులు అడగొచ్చు. బిడ్డ అప్పటికే సంపాదిస్తూ ఉండాలన్న నియమం లేదు. 1913 నాటి టాఫ్ వేల్ రైల్వే కేసులో, రైలు ప్రమాదంలో చనిపోయిన పదహారేళ్ల అమ్మాయి ఇంకా కుట్టుపని నేర్చుకుంటోంది, జీతం లేదు. అయినా తండ్రి గెలిచాడు. చదువు అయ్యాక ఉద్యోగం చేసి ఇంటికి డబ్బు పంపాలనుకున్న పిల్లల తల్లిదండ్రులకు ఈ కేసు చాలా ముఖ్యం.

దానికి ఆధారాలు కావాలి. ఇంటికి పంపిన డబ్బుకు బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఎడ్యుకేషన్ లోన్ కాగితాలు, ఈఎంఐ తానే కడతానని అమ్మకో నాన్నకో పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు, జాబ్ ఆఫర్ లెటర్ ఉంటే దాచండి. ఫోన్ రీసెట్ చేయకండి. అంత్యక్రియలకు అయిన సహేతుకమైన ఖర్చు కూడా అడగొచ్చు కాబట్టి రసీదులు పారేయొద్దు.

కేసు వేయడానికి గడువు సాధారణంగా మరణించిన రోజు నుంచి మూడేళ్లు. గాయాల కేసులకూ మూడేళ్లే, పిల్లలకైతే 18 నిండిన నాటి నుంచి లెక్క. పోలీసు విచారణ, కరోనర్ (మరణ కారణాన్ని తేల్చే అధికారి) విచారణ నడుస్తున్నాయని ఈ గడువు ఆగదు. అవి తేలేదాకా చూద్దామని కూర్చోకుండా, మొదటి ఏడాదిలోనే ఒక సొలిసిటర్‌తో (లాయర్‌తో) మాట్లాడండి.