ట్యూన్ కాదు, నాదమే సంతకం

ఇళయరాజా పాటో, రెహమాన్ పాటో మొదలైతే పల్లవి దాకా ఆగనక్కర్లేదు. ఎవరిదో చాలామంది ముందే చెప్పేస్తారు. చెవికి ఆ శక్తి నిజంగానే ఉంది. 1999లో మనస్తత్వ శాస్త్రవేత్త గ్లెన్ షెలెన్‌బర్గ్ బృందం ప్రచురించిన ప్రయోగంలో శ్రోతలకు తెలిసిన పాటల్లోంచి సెకనులో పదోవంతు ముక్క వినిపించి, అది జాబితాలోని ఏ పాటో చెప్పమన్నారు. గుడ్డిగా ఊహిస్తే వచ్చేదానికంటే ఎక్కువగానే సరైన జవాబులొచ్చాయి. అంత చిన్న ముక్కలో ట్యూన్ ఉండదు, తాళం ఉండదు. మిగిలేది టింబర్, అంటే నాదానికి ఉండే రంగు.

వయొలిన్, వేణువు ఒకే శ్రుతిలో ఒకే స్వరం పలికినా తేడా తెలుస్తుంది. అసలు స్వరంతో పాటు పుట్టే పై స్వరాలు ఏ పాళ్లలో ఉన్నాయి, శబ్దం ఎంత వేగంగా ఎత్తుకుంది అన్నవే ఆ తేడాకు కారణం. అందుకే ‘ట్యూన్ కొత్తదా, కాపీనా’ అన్న గొడవ నాకు సగం విషయమే అనిపిస్తుంది. ఏ వాయిద్యాలు కలపాలి, ఏవి వదిలేయాలి అన్న నిర్ణయాల్లోనే సంగీత దర్శకుడి ముద్ర ఎక్కువగా ఉంటుంది. 1960లో హిచ్‌కాక్ సినిమా ‘సైకో’కి సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ తీగ వాయిద్యాలు తప్ప ఇంకేమీ వాడలేదు. అందులో షవర్ కింద హత్య జరిగే సీన్‌లో వినిపించే ఆ కోత శబ్దాన్ని ఇప్పటికీ ఎవరూ మర్చిపోలేదు.

ఈ ముద్రకు ఇప్పుడు పెద్ద ఆటంకం టెంప్ ట్రాక్. ఎడిటింగ్ సమయంలో తాత్కాలికంగా పెట్టే పాత సంగీతం అది. వారాల తరబడి వింటే దర్శకుడి చెవి దానికే అలవాటు పడుతుంది, షాట్ల కోత కూడా ఆ వేగానికే కుదిరిపోతుంది. ఆ తర్వాత వచ్చిన సంగీత దర్శకుడికి మిగిలేది ‘ఇలాంటిదే కావాలి’ అన్న మాట. 1968 నాటి ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లో దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ ఎడిటింగ్‌లో వాడిన శాస్త్రీయ సంగీతాన్నే ఉంచేసి, సంగీత దర్శకుడు అలెక్స్ నార్త్ ఆ సినిమా కోసం రాసిన సంగీతాన్ని పక్కన పెట్టేశాడు. నార్త్‌కి ఆ సంగతి సినిమా చూసినప్పుడే తెలిసింది. దీనికి తోడు, ఒకే శాంపిల్ లైబ్రరీలు (ముందే రికార్డు చేసి పెట్టిన వాయిద్యాల శబ్దాలు) అందరి కంప్యూటర్లలోనూ ఉంటే నాదపు రంగు కూడా ఒకటే అయిపోతుంది.

క్రమం మారిస్తే ఫలితం మారుతుంది. ‘జోకర్’ (2019) షూటింగ్‌కి ముందే సంగీత దర్శకురాలు హిల్డుర్ గుడ్నాడొట్టిర్ స్క్రిప్టు చదివి, తన సొంత వాయిద్యమైన చెల్లో (వయొలిన్ కుటుంబానికే చెందిన పెద్ద తీగ వాయిద్యం) ఆధారంగా సంగీతం రాసింది. సెట్లో దాన్ని వినిపిస్తే, బాత్‌రూమ్ సీన్‌లో హీరో వాకీన్ ఫీనిక్స్ ఆ నాదానికే డాన్స్ మొదలుపెట్టాడు. స్క్రిప్టులో ఆ డాన్స్ లేదు.