లార్చ్ అడవి కింద మంచు

రష్యాలోని యాకుత్స్క్ నగరంలో ఏడాది మొత్తం పడే వాన, హిమపాతం కలిపి కొలిస్తే సుమారు 240 మిల్లీమీటర్లు. మరోచోట అంత తక్కువ తడికి గడ్డి, ముళ్లపొదలు మొలిస్తేనే గొప్ప. పైగా జులైలో ఎండ 35 డిగ్రీలు దాటే రోజులూ ఉంటాయి. అయినా నగరం దాటగానే లేనా నదికి రెండు వైపులా ఎడతెగని అడవి. తూర్పు సైబీరియా టైగా అనే ఈ ఒక్క జీవావరణ మండలమే దాదాపు 39 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే భారతదేశం కన్నా పెద్దది.

ఇంత అడవికి నీళ్లెక్కడివి? జవాబు ఒక పాత బావిలో ఉంది. 1828లో ఒక వ్యాపార సంస్థ ఉద్యోగి అయిన ఫ్యోదర్ షెర్గిన్ యాకుత్స్క్‌లో నీటికోసం బావి తవ్వించడం మొదలుపెట్టాడు. 1837 నాటికి లోతు 116 మీటర్లు దాటింది. చుక్క నీరు పడలేదు, గడ్డకట్టిన నేలా అయిపోలేదు. ఆయన పట్టుదలను మెచ్చుకోవాలో, జాలిపడాలో తెలియదు కానీ విజ్ఞానానికి మాత్రం మేలు జరిగింది. 1840లలో అలెగ్జాండర్ మిడ్డెన్‌డార్ఫ్ అనే శాస్త్రవేత్త ఆ బావి గోడల్లో వేర్వేరు లోతుల్లో ఉష్ణోగ్రతలు కొలిచాడు. అడుగున కూడా సున్నాకు దిగువే. ఏళ్ల తరబడి కరగని ఈ నేలనే పర్మాఫ్రాస్ట్ అంటున్నాం.

వేసవిలో ఈ నేల పైపొర మాత్రమే కరుగుతుంది. అడవి నీడలో అది సాధారణంగా ఒకటి, రెండు మీటర్లకు మించదు. దాని కింద నేల సిమెంటు గచ్చులా గట్టిగా ఉంటుంది కాబట్టి మంచు కరిగిన నీరు, వాన నీరు లోపలికి ఇంకిపోకుండా వేళ్ల దగ్గరే నిలుస్తాయి. వానలు ముఖం చాటేసిన ఏడాది, కరుగుతున్న నేల నుంచి ఊరే తేమ కూడా చెట్లకు ఆదరువు అవుతుంది.

ఆ చెట్లు చాలావరకు లార్చ్‌లే. టైగా అంటే ఏడాదంతా పచ్చగా ఉండే సూది ఆకుల అడవి అని బడిలో చదువుకున్నాం. ఫిన్లాండ్‌కో కెనడాకో అది సరిపోతుంది, అక్కడ స్ప్రూస్, పైన్ చెట్లు ఎక్కువ. తూర్పు సైబీరియాకు సరిపోదు. లార్చ్ సూదులు మెత్తగా, కుచ్చులు కుచ్చులుగా ఉంటాయి. సెప్టెంబరులో పసుపు పచ్చగా మారి రాలిపోతాయి. చలికాలంలో గడ్డకట్టిన నేల నుంచి వేళ్లకు నీరందదు. ఆకులుంటే ఉన్న తడి కూడా ఆవిరైపోతుంది. అందుకే చెట్టు వాటిని వదిలించుకుంటుంది. అంతటితో సరిపోదు. 1892లో ఈ ప్రాంతంలోనే ఉన్న వెర్ఖోయాన్స్క్ పట్టణంలో సున్నాకు దిగువన 67.8 డిగ్రీలు నమోదైంది. అంతటి చలిలో కణం లోపలే నీరు గడ్డకడితే కణం చస్తుంది. లార్చ్ కాండంలో నీరు కణాల్లోంచి బయటికి జారి, వాటి మధ్య ఖాళీల్లో గడ్డకడుతుంది. కణాలు ఎండి ముడుచుకుంటాయి కానీ బతికి ఉంటాయి. తైమీర్ ద్వీపకల్పంలో 72 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి, అరీ మాస్ అనేచోట కూడా లార్చ్ నిలిచింది ఇలాగే.

మంచు అడవిని పోషిస్తుంటే, అడవి మంచును కాస్తుంది. కొమ్మల నీడ, నేలమీద దట్టంగా పరచుకున్న నాచు, కుళ్లని సూదుల పొర వేసవి వేడిని లోపలికి దిగనివ్వవు. వీటిలో ఏది తొలగినా లెక్క తప్పుతుంది. నిప్పు ఇక్కడ కొత్త కాదు. నాచు కాలిన చోటే లార్చ్ విత్తనాలు బాగా మొలుస్తాయి, ముదురు చెట్లకు మందమైన బెరడు రక్షణ. కానీ 2021 ఆగస్టులో యాకుత్స్క్ రాజధానిగా ఉన్న యాకుతియా ప్రాంతపు కార్చిచ్చుల పొగ ఉత్తర ధ్రువం దాకా వెళ్లింది. మంటలు పెరిగేకొద్దీ నాచు తిరిగి అల్లుకునే వ్యవధి చిక్కదు. కొన్ని ప్రాంతాల్లో నేల ఘనపరిమాణంలో సగానికి పైగా మంచే. అది కరిగితే నేల కుంగుతుంది, చెట్లు తలో దిక్కుకు ఒరుగుతాయి.

యాకుతియాలోనే బతగాయ్ అనే ఊరి దగ్గర 1960లలో చెట్లు తీసేసిన చోట చిన్న గండి పడింది. ఇప్పుడది దాదాపు కిలోమీటరు వెడల్పున్న గొయ్యి, ఇంకా విస్తరిస్తోంది. 2018లో దాని గోడలోంచి 40 వేల ఏళ్లకు పైబడిన గుర్రపు పిల్ల చర్మం, గిట్టలతో సహా బయటపడింది. నాటి జీవుల కళేబరాలే కాదు, కుళ్లకుండా మిగిలిన వేళ్లు, ఆకులు కూడా ఇలా కరిగి, కుళ్లి కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వదులుతాయి.

నేల కుంగడం ఎప్పుడూ నష్టమేనా అంటే, కాదు. సుమారు పదివేల ఏళ్ల క్రితం భూమి వేడెక్కినప్పుడు ఇలాగే కుంగిన చోట్ల చెరువులు ఏర్పడి, తర్వాత ఎండి, పచ్చిక బయళ్లయ్యాయి. యాకుతియా స్థానికులైన సఖా ప్రజలు వీటిని అలాస్ అంటారు. వారి గుర్రాలకు, ఆవులకు ఎండుగడ్డి వీటిలోంచే వస్తుంది. అయితే అలాస్ తయారవడానికి వేల ఏళ్లు పట్టింది. యాకుతియాలోని చురాప్చా అనే ఊరి పరిసరాల్లో ఒకప్పుడు చెట్లు కొట్టి చదును చేసిన పొలాల కింద మంచు ఇప్పుడు కరుగుతోంది. నేల గుట్టలు, గుంటలుగా మారి, అక్కడ దున్నడం మానేశారు.