మాకిటో హెచ్చరిక వెనక 2017 నాటి దొడ్డిదారి

టెస్టుల కోసం నకిలీ ఆబ్జెక్టులు చేసిపెట్టే మాకిటో లైబ్రరీ వాడుతూ, జావా 17 నుంచి 21కో 25కో మారుతున్న టీముల్లో మళ్లీ అదే రగడ. టెస్టులన్నీ పాసవుతున్నాయి, లాగ్‌లో మాత్రం హెచ్చరిక: ప్రోగ్రామ్ నడుస్తుండగా ఏజెంట్ (ఇతర క్లాసుల కోడ్‌ను మార్చగల భాగం) లోడైంది, ముందు ముందు ఇది కుదరదు అని. తప్పు మాకిటోదా, జావాదా?

2006లో జావా 6 తెచ్చిన అటాచ్ సదుపాయం (నడుస్తున్న ప్రోగ్రామ్‌కు ఏజెంట్‌ను తగిలించే దారి) ప్రోగ్రామ్ వేగాన్ని కొలిచే ప్రొఫైలర్లలాంటి పనిముట్ల కోసం. నడుస్తున్న సర్వర్‌కు వాటిని బయటి నుంచి తగిలించేది మనిషి, తెలిసి తగిలిస్తాడు. లైబ్రరీలేమో తాము నడుస్తున్న జేవీఎంకు (జావా ప్రోగ్రామ్‌ను నడిపే వర్చువల్ మెషిన్‌కు) తామే తగులుకోవడం మొదలెట్టాయి. 2017 సెప్టెంబరులో జావా 9 దీన్ని డిఫాల్ట్‌గా ఆపేసింది. ఆగాయా? మాకిటో కింద పనిచేసే బైట్ బడ్డీ లైబ్రరీ ఒక పిల్ల ప్రాసెస్‌ను పుట్టించి, దానిచేత తల్లి ప్రాసెస్‌కే ఏజెంట్‌ను తగిలించింది. రూలు తప్పలేదు, కాగితం మీద.

నేటి తగువంతా ఆ దొడ్డిదారి ఫలితమే. మాకిటో మొదట్లో సబ్‌క్లాస్ సృష్టించి కాల్స్ మళ్లించేది, ఫైనల్ (సబ్‌క్లాస్ చేయడానికి వీల్లేని) క్లాసుల దగ్గర చేతులెత్తేసేది. ఏజెంట్‌తో అసలు క్లాసు బైట్‌కోడ్‌నే (కంపైలైన కోడ్‌నే) మార్చే ఇన్‌లైన్ పద్ధతి మాకిటో 2లో కోరుకున్నవాళ్లకే. 2023 జనవరిలో మాకిటో 5 దాన్నే డిఫాల్ట్ చేసింది. అదే ఏడాది సెప్టెంబరులో జేడీకే 21 (జావా 21 కిట్), జేఈపీ 451 అనే జావా మార్పుల ప్రతిపాదన పత్రం ప్రకారం హెచ్చరించడం మొదలెట్టింది.

జేడీకే బృందం వాదన ఒక్కటే: ఒకరి కోడ్‌ను మరొకరు మార్చాలంటే అప్లికేషన్ యజమాని కమాండ్ లైన్‌లో ఒప్పుకోవాలి. ఇది చాదస్తం అనేవాళ్లు 2021 డిసెంబరును గుర్తుచేసుకోవాలి. లాగ్‌లు రాసే లాగ్4జే లైబ్రరీలో భద్రతా లోపం బయటపడగానే అమెజాన్ ఇదే అటాచ్‌తో, రీస్టార్ట్ అక్కర్లేకుండా, ఆ లోపానికి మూలమైన జేఎన్‌డీఐ లుకప్ మెథడ్‌ను మార్చేసే ప్యాచ్ ఇచ్చింది. గొప్ప పనే. కానీ ఆ ప్యాచ్‌ను కంటైనర్లకు (ఒకే యంత్రం మీద అప్లికేషన్లను విడివిడిగా నడిపే పెట్టెలకు) తగిలించే తీరులోనే లోపం ఉందని, కంటైనర్ దాటి హోస్ట్ యంత్రాన్ని పట్టుకోవచ్చని 2022 ఏప్రిల్‌లో తేలింది.

టెస్టులను ప్రొడక్షన్‌తో ఒకే గాటన కట్టొద్దని లైబ్రరీల వైపు వాళ్లంటారు. బిల్డ్ టూల్స్‌లో ఏజెంట్ పేరు చెప్పడం ఇంకా చిరాకు పనే, కాదనలేం. అయినా మేవెన్ అనే బిల్డ్ టూల్‌లో అది టెస్టులు నడిపే ష్యూర్‌ఫైర్‌కు ఇచ్చే ఒక ఆర్గ్యుమెంట్.

నిషేధం ఏ వెర్షన్‌లోనో జేఈపీ చెప్పలేదు. ఏజెంట్‌ను మొదటి నుంచీ స్టార్టప్ ఆప్షన్‌గానే ఇస్తున్న యాస్పెక్ట్‌జే లోడ్‌టైమ్ వీవింగ్ (క్లాసు లోడయ్యేటప్పుడే అందులో అదనపు కోడ్ కలిపే పద్ధతి) వాడకందారులకు ఈ హెచ్చరికే రాదు.