చిల్లగింజ నీళ్లను ఎలా తేరుస్తుంది?

పటిక లేకుండా చిల్లగింజతో బురద నీళ్లు తేరతాయా అని అడిగేవాళ్లు ముందు చెట్టును పోల్చుకోవడం నేర్చుకోవాలి. ఇది ముష్టి చెట్టుకు దగ్గరి చుట్టం, రెండూ స్ట్రిక్నస్ ప్రజాతివే. రెండింటి ఆకులూ ఎదురెదురుగా పుడతాయి. ఆకు మొదట్లోనే మూడు నుంచి ఐదు ఈనెలు చీలతాయి. అందుకే ఆకును నమ్మకూడదు, కాయ కోసి చూడాలి. ముష్టికాయ నారింజంత ఉంటుంది, పండితే రంగూ అదే. లోపల పలచటి బిళ్లల్లాంటి గింజలుంటాయి. చిల్లపండు రేగుపండంత, నల్లన. లోపల సాధారణంగా ఒకటే గుండ్రటి గింజ. ముష్టిగింజలోని స్ట్రిక్నిన్ ప్రాణం తీస్తుంది, చిల్లగింజలో అది లేదు. ఏమాత్రం అనుమానమున్నా ముట్టుకోవద్దు.

బాగా నల్లబడిన పండు గుజ్జు తింటారు, గింజ మింగరు. నీళ్లకు దాచే గింజకు గుజ్జు పిసరంత కూడా మిగలకుండా కడిగి ఆరబెట్టాలి. లేకుంటే బూజు పడుతుంది.

ఇక అసలు విషయం. ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) బంకమట్టి రేణువు కదలని నీళ్లలో 30 సెంటీమీటర్లు దిగడానికి మూడున్నర రోజులు పడుతుంది. వ్యాసం పదింతలైతే వేగం వందింతలవుతుంది. రేణువులు ఉండకడితే చాలన్నమాట, కానీ కట్టవు. వాటన్నిటి మీదా రుణావేశమే, ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. చిల్లగింజలో పొడవాటి చక్కెర గొలుసులు, ప్రొటీన్లు ఉన్నాయి. ఒకే గొలుసు అక్కడో రేణువును, ఇక్కడో రేణువును పట్టుకుంటుంది, దండలో దారంలా. దండ బరువెక్కి అడుక్కి దిగుతుంది. ఉండలో నీళ్లు చిక్కుకుంటాయి కాబట్టి పూర్తిగా వందింతల వేగం రాదు, అయినా తేడా కంటికి కనిపిస్తుంది. దారం మరీ ఎక్కువైతే? ప్రతి పువ్వుకూ విడిగా దారం చుట్టుకుపోతుంది, పక్క పువ్వును కట్టడానికి చోటుండదు. గింజ అరగదీసిన గంధం ఎక్కువేస్తే నీళ్లు మసకగానే మిగలడానికి కారణమిదే.

కతక ఫలం పేరు తలచినంతలో నీళ్లు తేరవని మనుస్మృతి ఆరో అధ్యాయంలోనే ఉంది. కతకమంటే ఈ చిల్లే. గింజ అరగాల్సిందే, ఊరికే నీళ్లలో వేస్తే పని జరగదు. స్టీలు బిందె నునుపుకు అరగదు. మట్టికుండ లోపలి గోడకు రుద్దాలి, లేదా సానరాయి మీద నీళ్లతో పాలలాంటి గంధం తీయాలి.

మోతాదు నీళ్లను బట్టి మారుతుంది. 200 మిల్లీలీటర్ల గాజు గ్లాసులు నాలుగింటిలో అవే నీళ్లు పోయండి. ఒకటి అలాగే ఉంచి, మిగతావాటిలో 2, 4, 8 చుక్కల గంధం వేయండి. ఒక నిమిషం గబగబా, తర్వాత ఐదు నిమిషాలు మెల్లగా తిప్పండి. చివరిదాకా గబగబా తిప్పితే కట్టిన దండలు తెగిపోతాయి. గంట తర్వాత ఏది తేటగా ఉందో చూడండి. 4 చుక్కల గ్లాసైతే, పది లీటర్ల బిందెకు 200 చుక్కలు, అంటే సుమారు రెండు టీ చెంచాలు.

తేనెలో అరగదీసి కంట్లో పెట్టే పాత వైద్యం జోలికి మాత్రం పోవద్దు. ఇంట్లో తీసిన గంధంలో క్రిములుంటాయి, నల్లగుడ్డు పుండు పడొచ్చు.

తేటపడ్డ నీళ్లలోనూ క్రిములు మిగులుతాయి. మడ్డి కదలకుండా పై నీళ్లు మాత్రం వంచుకుని, వడగట్టి, తెర్లేదాకా మరిగించాలి. గింజ సారం కొంత నీళ్లలోనే ఉండిపోతుంది, మర్నాటికి వాసన పట్టొచ్చు. ఆ రోజుకు కావాల్సినన్నే తేర్చుకోండి.